ఒంటిగంట మంట

ఒంటిగంట పది నిమిషాలకు ఎర్రనేలపాడు కళ్లు మూసుకుంది.

బజారు మొదట్లో బస్సు ఒక నిమిషం ముందే ఆగిపోయింది. డ్రైవరు స్టీరింగు మీద మోచేతులు ఆనించి తల వంచుకున్నాడు. బడిలో ఒంటిగంట ఎనిమిదికే గంట కొట్టారు. పిల్లలు బల్లల మీద వాలి మొహాలు చేతుల్లో దాచుకున్నారు. తొడిమలు తీసే షెడ్డులో అరవైమంది ఆడవాళ్లు మిరపకాయలు కింద పెట్టి, కొంగులు మొహాల మీదికి లాక్కున్నారు. హోటలాయన పెనం మీది దోసెను తీసి పక్కన పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు.

అప్పుడు మంట వచ్చింది. ఎప్పటిలాగే ఎడమ కంట్లో మాత్రమే. ఎవరో చిటికెడు కారం రెప్ప కిందికి నెట్టినట్టు భగ్గుమంది. పద్నాలుగు వేలమంది ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. నలభై సెకన్ల తర్వాత అది మెల్లగా చల్లారింది.

"అయిపోయిందా?" షెడ్డులో ఎవరో అడిగారు.

"ఆఁ. ఇయ్యాళ కాస్త ఎక్కువసేపే ఉందే."

"నిన్న రాలేదు గదా! రెండ్రోజులదీ కలిపి వడ్డించింది."

నవ్వుకుంటూ మళ్లీ తొడిమలు అందుకున్నారు. బస్సు కదిలింది. హోటలాయన దోసెను మళ్లీ పెనం మీద వేశాడు.

ఇది 2084 నాటి సంగతి. పల్నాటి వైపు వానలు తగ్గి, బీడుపడ్డ చేల మీదినుంచి ఎర్రదుమ్ము లేవడం మొదలై అప్పటికి పాతికేళ్లు దాటింది. ఆ దుమ్ములో బూజు ఉండేది. నల్లగుడ్డును కప్పి, గడియారానికి అద్దంలా ఉండే పొరను డాక్టర్లు కార్నియా అంటారు. దాన్ని ఒక్క రేణువు గీరితే చాలు, బూజు అక్కడ వేళ్లూనుకునేది. కన్ను ఎర్రబడి, వాచి, పుండు పడేది. డాక్టర్లు దానికి కెరటైటిస్ అని పేరు రాసేవారు. ఊళ్లోవాళ్లు 'పువ్వేసింది' అనేవారు. పుండు మానినా ఆ చోట మల్లెమొగ్గలాంటి తెల్లమచ్చ మిగిలి చూపు పోయేది. ఏటా అరవై, డెబ్భై కళ్లు అట్లా పోయేవి.

డాక్టర్ ఇందుజ తయారు చేసిన తోడుపొర వచ్చాక, మూడేళ్లలో ఊళ్లో ఒక్క కన్నూ పోలేదు.

తోడుపొర జీవకణాలతో పెంచినది. ఉల్లిపాయ మీది పల్చటి పొరలో పదోవంతు ఉండదు. కార్నియాకు అంటుకుని ఉండి, బూజును గుర్తుపట్టి, మందును తానే తయారు చేసి వదులుతుంది. అంతకన్నా ముఖ్యంగా వాపును అదుపులో పెడుతుంది. కంట్లో క్రిమి చేసే చెరుపు కంటే, క్రిమి మీదికి ఒళ్లు దండెత్తినప్పుడు వచ్చే వాపు చేసే చెరుపే ఎక్కువ. ఇంటికొచ్చిన దొంగను కొట్టబోయి సామానంతా పగలగొట్టుకున్నట్టు అన్నమాట.

పొరలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాత్రం పూర్తిగా ఇందుజ ఆలోచన. పక్కింటి నుంచి తోడు తెచ్చి పాలు తోడేసుకున్నట్టు, ఊళ్లోని ప్రతి పొరనూ ల్యాబులో గాజుపళ్లెంలో ఉన్న ఒకే తల్లిపొర నుంచి తీసి పెంచారు. ఒక కంటికి దెబ్బ తగిలితే ఆ పొర దగ్గరున్న పొరలకు కబురు పంపుతుంది. అవి వాటి పక్కవాటికి పంపుతాయి. ప్రమాదం తమదాకా రాకముందే అన్నీ సిద్ధమవుతాయి. దీనికి ఇందుజ పూర్వసన్నాహం అని పేరు పెట్టింది. సిద్ధం కావడమంటే కంటి నరాలు ఒక్క క్షణం మేల్కోవడం. నెలకొకసారి దోమ కుట్టినట్టు చురుక్కుమనేది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆరువారాలుగా అది రోజూ వస్తోంది. దోమకాటులా లేదు.

మొదట కారం మిల్లు దుమ్మన్నారు. మిల్లు రెండ్రోజులు మూసినా మంట ఆగలేదు. తర్వాత ఊరి సంఘం పెద్ద సాన్వి అవ్వ, ఊరికి దిష్టి తగిలిందని తేల్చింది. నాలుగు దిక్కులా నిప్పుల మీద ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి దిష్టి తీయించింది. గాలిలో వచ్చే కారానికి అలవాటుపడమని పొరలకు ఇందుజ ఎప్పుడో నేర్పింది కాబట్టి, పొగలో నిలబడ్డ ఒక్కరికీ కన్ను చెమర్చలేదు.

"చూశారా, ఘాటే లేదు! ఎంత దిష్టి కాకపోతే ఇట్టా ఉంటది?" అంది సాన్వి అవ్వ. "ఇంకో బుట్ట పొయ్యండి."

మూడు బుట్టలు పోశారు. కళ్లు బాగానే ఉన్నాయి గానీ, ఆ వారమంతా ఆసుపత్రి దగ్గులతో మారుమోగింది. మంట మాత్రం మర్నాడు ఒంటిగంట పదికి మామూలుగానే వచ్చింది.

నెలాఖరులోగా ఇది ఆగకపోతే పొరలన్నీ తీసేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తీసేస్తే దుమ్ముకాలానికి మళ్లీ పువ్వులు మొదలవుతాయి. ఇంకా పదకొండు రోజులుంది.

ఇందుజ తల్లిపొర ముందు కూర్చుంది. గాజుపళ్లెంలో మీగడలా పరుచుకున్న ఆ పొర కింద సన్నటి తీగలు, పక్కన దాని మాట వినిపించే చిన్న స్పీకరు. సహాయకురాలు చార్వి తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"ఎవరి కన్ను?" అడిగింది ఇందుజ.

"పేర్లు నా దగ్గర ఉండవు డాక్టర్. ఉంచొద్దని మీరే చెప్పారు."

"ఎన్నిసార్లు జరిగింది?"

"నలభై రెండు రోజుల్లో ముప్ఫై ఏడుసార్లు. అదే కన్ను, అదే చోటు. ఒక పుండు మానేలోగా మళ్లీ."

"ఏ క్రిమి?"

"క్రిమి కాదు. మిరపపొడి."

"ఊరంతా మిరపపొడే కదా. దానికి అలవాటుపడమన్నాంగా?"

"గాలిలో వచ్చేదానికి అలవాటుపడమన్నారు. పుండు మీద పడేదానికి అలవాటుపడొద్దని కూడా మీరే అన్నారు. గాలిలో వచ్చేది రెండు కళ్లలోనూ పడుతుంది. ఇది ఒక్క కంట్లోనే పడుతోంది. కొలత కూడా మారడం లేదు. ప్రతిసారీ చిటికెడే."

చార్వి ఇందుజ వైపు చూసింది. "మేడమ్, గాలికి చిటికెడు కొలత ఎట్టా తెలుస్తుంది?"

ఇందుజ బల్ల మీది కాగితంలో 'చిటికెడు' అని రాసి, దాని కింద గీత గీసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి రుత్విక్ వంకాయలు వేయిస్తున్నాడు. ఇందుజ భర్త అతను. విత్తనాల సంస్థలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. వంట అతనిదే. ఇరవై రెండేళ్ల కాపురంలో గొంతు పెంచి మాట్లాడింది లేదు. రోజూ పొద్దున, పొడిబారకుండా ఆమె కళ్లలో తడిచుక్కలు కూడా అతనే వేసేవాడు. 'నీ చెయ్యి వణుకుతుంది, నేనేస్తాలే' అని గడ్డం పట్టుకుని, రెప్ప వెడల్పు చేసి, ఒక్క చుక్క కింద పడకుండా వేసేవాడు.

"తెలిసిందా?" అడిగాడు.

"గాలి కాదు రుత్విక్. ఎవరో ఎవరి కంట్లోనో కారం పెడుతున్నారు. రోజూ."

గరిటె ఒక్క క్షణం ఆగింది. "అంటే ఏ ఇంట్లో ఏం జరిగినా ఊరందరికీ తెలిసిపోతుందన్నమాట."

"ఏం జరిగినా కాదు. కంటికి దెబ్బ తగిలితే."

"అదేలే," అన్నాడు రుత్విక్. కూర కొంచెం గరిటెతో తీసి ఆమె అరచేతిలో వేశాడు. "కారం సరిపోయిందా చూడు."

మర్నాడు పన్నెండున్నరకు ఇందుజ, చార్వి నీళ్ల ట్యాంకు పైకెక్కారు. కబురు పొర నుంచి పొరకు పాకుతుంది కాబట్టి, మంట ఊరంతా సరిగ్గా ఒకేసారి రాదు, క్షణాల తేడా ఉంటుంది. మొదలైన చోట ముందు వస్తుంది. పైనుంచి చూస్తే జాడ దొరుకుతుందని ఇందుజ ఆశ. ముందుగానే కళ్లు మూసుకోవద్దని, మంట వచ్చాకే మూసుకోవాలని ఆ ఒక్కరోజుకూ చాటింపు వేయించింది.

ఒంటిగంటకు, తమ ఇద్దరికీ మంట తెలియకుండా మత్తుచుక్కల సీసా తీసింది.

"రెండు చుక్కలు చాలు," అంది ఇందుజ, చార్వి కళ్లలో వేస్తూ. "ఇంకా కావాలని మళ్లీ మళ్లీ అడుగుతారు చూడు, వాళ్లకే కళ్లు పోతాయి. మంట తెలియదు కాబట్టి బాగుందనుకుంటారు. కింద పుండు తన పని తాను చేసుకుపోతుంది."

ఒంటిగంట పది అయింది. మూడో వార్డులో, పాత గోదాముల వెనక సందులో, ముగ్గు గీతలు చెరిగినచోట నీళ్లు చల్లుతున్న ఒక ముసలామె ఆగిపోయింది. ఆ వెంటనే పక్కింటి అరుగు మీది మగవాడు కన్ను పట్టుకున్నాడు. సందు చివర సైకిలు ఆగింది. తర్వాత రెండో సందు, బజారు, షెడ్డు. నీళ్లలో రాయి వేసినట్టు నిశ్చలత్వం వలయాలు వలయాలుగా ఊరి చివరిదాకా పాకింది. ఎక్కడి మనుషులు అక్కడ చేత్తో ఎడమకన్ను మూసుకుని నిలబడిపోయారు. పిట్టలు మాత్రం ఎగురుతున్నాయి.

"మేడమ్," చార్వి గొంతు తగ్గించి అంది. "ముందు ఆగిన ముసలామె వెనక, ఆ నీలం గేటు ఇల్లు."

గేటు తీసినవాడు ప్రణీత్. మిరపకాయల గ్రేడింగు షెడ్డులో సూపర్‌వైజరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. నవ్వు మొహం.

"రండి మేడమ్, రండి! ఆశ్రితా, డాక్టరుగారొచ్చారు, మజ్జిగ తే."

ఆశ్రిత కొంగు ఎడమ చెంప మీదికి లాక్కుని వచ్చింది. ఇందుజ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. తెల్లగుడ్డంతా నెత్తురు జీర. నల్లగుడ్డు అంచున పుండు, దాని మధ్యలో అప్పుడే పాలచుక్కంత తెలుపు. పువ్వు వేస్తోంది.

"ఏమైందమ్మా?"

"తాలింపు చిట్లిందండి."

"ముప్ఫై ఎనిమిదిసార్లా?"

ఆశ్రిత నేలవైపు చూసింది. ప్రణీత్ నవ్వాడు. "మా ఆవిడ చూపెప్పుడూ పక్కలకే మేడమ్. కిటికీ వైపో, వీధి వైపో. గిన్నె మీదుంటే గదా!"

ఇందుజ లేస్తూ గుమ్మం పక్క అలమర చూసింది. ప్రణీత్ వాచీ, బండి తాళాలు, వాటి పక్కన కారం డబ్బా. వంటింట్లో ఉండాల్సిన డబ్బా, తాళాలతోపాటు చేతికందేలా పెట్టుకున్నట్టుంది.

ఇందుజ పోలీసులను పంపింది. తాలింపు చిట్లిందనే చెప్పింది ఆశ్రిత. తన ల్యాబుకొచ్చి ఉండమని చార్వి అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఎన్నాళ్లుంటాను?" అంది.

గడువుకు నాలుగు రోజుల ముందు సంఘం సమావేశమైంది. హాలంతా నిండిపోయింది. ప్రణీత్ లేచి చేతులు జోడించాడు.

"నా వల్ల మీ అందరి కళ్లకూ బాధ కలిగింది. పెద్దలు, చిన్నపిల్లలు, అందరూ నన్ను క్షమించాలి," అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. ఒక్కొక్క వరుస వైపూ తిరిగి దణ్ణం పెట్టాడు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఆశ్రిత వైపు మాత్రం తిరగలేదు. అది ఎవరికీ వెలితిగా అనిపించలేదు.

"తప్పు ఒప్పుకున్నాడు, మంచోడే," అన్నాడు హోటలాయన.

"మానేస్తానన్లేదు గదా బాబాయ్?" అంది చార్వి.

"మొగుడూ పెళ్లాల సంగతి మనకెందుకమ్మాయ్? ఆ పిల్లే ఏమీ లేదంటంటే!" సాన్వి అవ్వ ఇందుజ వైపు తిరిగింది. "డాక్టరమ్మా, ఒక మాట అడుగుతా. ఆ పిల్ల పొర ఒక్కటీ ఈ మాటల్లోంచి తప్పించలేవూ?"

ఇందుజ కుర్చీలోంచి లేచింది. "తప్పించవచ్చు. పొర ఆమె కంట్లోనే ఉంటుంది, బూజును ఆపుతుంది. మిగతా పొరలకు కబురు మాత్రం పంపదు."

హాలంతా తేలికగా ఊపిరి తీసుకుంది.

"ఇంత తేలికా? ఆరువారాలు చంపుకుతిన్నావు గదమ్మా!"

"అవ్వా, మంట రోగం కాదు. రోగం ఉందని చెప్పే కబురు. దాన్ని ఆపితే..."

"ఆపకపోతే పొరలన్నీ పీకేస్తారంట గదా? నా మనవరాలికి పువ్వేస్తే నువ్వు చూపిస్తావా?"

ఇందుజకు పాత కేసుల పుస్తకం గుర్తొచ్చింది. ఏటా అరవై, డెబ్భై కళ్లు. ఇక్కడ ఒకటి. అది కూడా ఎట్లాగూ పోతున్న కన్నే అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే వెగటు పుట్టింది. అయినా తల ఊపింది.

దరఖాస్తు కాగితం ఆ రాత్రే తయారు చేసింది. పొరదారు పేరు, దరఖాస్తుదారు పేరు, బంధుత్వం, కారణం. చివర పొరదారు సంతకానికి ఒక గడి పెట్టింది. మళ్లీ ఆశ్రిత ముందుకు వెళ్లి సంతకం అడగడం ఊహించుకుని, ఆ గడి తీసేసింది. ప్రణీత్ సంతకం చేశాడు. సంఘం ముద్ర వేసింది.

పొర విడదీసేటప్పుడు ఆశ్రిత కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఇందుజ చిన్న కాంతి దీపం ఆమె కంటికి దగ్గరగా పట్టుకుంది.

"డాక్టరమ్మా," అంది ఆశ్రిత. "ఆ టైముకి బస్సు ఆగేది గదా. మా ఇంట్లోకి వినపడేది. బళ్లో గంట కూడా. అందరూ కళ్లు మూసుకుంటన్నారు, నాతోపాటే అనుకునేదాన్ని. కాస్త ధైర్యంగా ఉండేది."

దీపం ఆకుపచ్చగా మారి ఆరిపోయింది.

మర్నాడు ఒంటిగంట తొమ్మిదికి అలవాటు కొద్దీ బస్సు ఆగింది. ఊరు కళ్లు మూసుకుంది. ఏమీ రాలేదు. ఒక్కొక్కరే తెరిచి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. షెడ్డులో ఈలలు వేశారు. హోటలాయన అందరికీ మైసూరుపాకు పంచాడు. ఉత్తర్వు రద్దయింది. సాన్వి అవ్వ ఇందుజకు శాలువా కప్పింది. ప్రణీత్ కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు.

నాలుగో రోజు చార్వి కొన్ని కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏమిటివి?"

"అవే మేడమ్. విడదీయమని. సంఘం ముద్రవేసి పంపింది."

ఇందుజ చూసింది. పదకొండు. పదింట్లో భార్యల పేర్లు, కోడళ్ల పేర్లు. ఒక దాంట్లో ఏడేళ్ల పాప పేరు. దరఖాస్తుదారు, తల్లి. కారణం అన్న చోట పదకొండింట్లోనూ దాదాపు ఒకే మాట ఉంది. 'ముందు జాగ్రత్తగా. ఇతరులకు ఇబ్బంది కలగకుండా.'

"వీళ్ల కళ్లకు దెబ్బలు తగిలాయా?"

"ఒక్కరికీ లేదు. తల్లిపొరను అడిగాను." చార్వి కాగితాల అంచులు సర్దింది. "ఇంకా తగల్లేదు."

ఇందుజ వాటిని తిప్పి పంపింది. సంఘం ఒప్పుకోలేదు. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోవడం పద్ధతి కాదన్నారు. డాక్టరమ్మకు శ్రమ ఎందుకని, ముద్రపడ్డ దరఖాస్తులు నేరుగా తల్లిపొరకే చేరేటట్టు ఏర్పాటు చేశారు. సంఘం వేసిన పొర నంబరు చూసి, మనిషి ల్యాబుకు రాకపోయినా అదే దూరం నుంచి విడదీసేది. వారంలో నూట నలభై అయ్యాయి. రెండోవారం చివరికి మూడువందలు దాటాయి. మంట అన్న మాటే ఊరు మరిచిపోయింది. చాలామంది పెద్దమనుషులు ఇప్పుడు వీధిలో నింపాదిగా, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేనట్టు నడుస్తున్నారని చార్వి అంది.

ఆ సోమవారం పన్నెండున్నరకు రుత్విక్ ఫోన్ చేశాడు. "భోజనానికి వస్తున్నావా ఇందూ? ఒంటిగంటకల్లా వచ్చెయ్. గుత్తి వంకాయ చేశాను."

"వస్తా."

బయల్దేరబోతూ ఆగింది. 'ఒంటిగంటకల్లా' అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. తల్లిపొర ముందుకు వెళ్లింది.

"ఊరెట్లా ఉంది?"

"ప్రశాంతంగా ఉంది డాక్టర్. పంతొమ్మిది రోజులుగా నాకు ఒక్క కబురూ రాలేదు."

"ఇవాళ ఎన్ని విడదీశావు?"

"ఆరు. చివరిది పన్నెండు గంటలకు."

"ఎవరిది?"

"పేర్లు నా దగ్గర ఉండవు. కాగితం ట్రేలో ఉంది."

తీసింది. పొరదారు పేరు, డాక్టర్ ఇందుజ. బంధుత్వం, భార్య. గుండ్రటి, పొందికైన అక్షరాలు. కూరగాయల చీటీ మీద, పుట్టినరోజు కార్డుల మీద ఇరవై రెండేళ్లుగా చూస్తున్న అక్షరాలు. కారణం అన్న చోట మూడు మాటలున్నాయి. 'ఏమో, ముందు జాగ్రత్తగా.'

కింద తన సంతకం కోసం వెతికింది. దానికి గడి లేదు.

ఇంటికి నడిచింది. అడగాలి. రుత్విక్ కదా, అడిగితే చెప్తాడు. ఏదో పొరపాటు పడి ఉంటాడు, పదిమందితోపాటు సంతకం పెట్టి ఉంటాడు. రుత్విక్ కదా. గేటు చప్పుడుకే తలుపు తెరుచుకుంది. చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"వచ్చావా? రా, చల్లారిపోతోంది."

ఆమె లోపలికి వచ్చాక తలుపు మెల్లగా వేసి, గడియ పెట్టాడు. గుమ్మం పక్క అలమరలో అతని కళ్లజోడు, ఇంటి తాళాలు. వాటి పక్కన కారం డబ్బా.

"ఇదిక్కడ ఎందుకు పెట్టావు?" అడిగింది ఇందుజ.

"ఏది?" అన్నాడు రుత్విక్, మెల్లగా ఆమె గడ్డం పట్టుకుని, తడిచుక్కలు వేసేటప్పటిలాగే మొహం వెలుతురు వైపు తిప్పుతూ.

ఒంటిగంట పది అయింది. వీధిలో బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. ఊళ్లో ఎవరూ కళ్లు మూసుకోలేదు.